హీరో మారడు, అతిథి మారుతుంది: అమెరికా టీవీలో సెంటా బెర్గర్

(మన ఫిల్మ్ క్లబ్ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. కుర్చీలు ముందు చాలా ఖాళీగా ఉన్నాయి, వెనకున్నవాళ్ళు ముందుకు రండి. తర్వాత తెర మీద చూడాల్సింది ఉంది. ఆ నలుపు తెలుపు ప్రింటు వెనక నుంచి సరిగ్గా కనిపించదు. రండి, రండి.

ఇవాళ ఒక నటి గురించి మాట్లాడదామని వచ్చాను. పేరు సెంటా బెర్గర్. ఆస్ట్రియా దేశం, వియన్నా నగరం. 1941 మే 13న పుట్టింది. మీలో ఎంతమందికి ఈ పేరు తెలుసు? చేతులెత్తండి. ఇద్దరు... ముగ్గురు. పరవాలేదు. జర్మన్ మాట్లాడే దేశాల్లో ఈ ప్రశ్న అడిగితే నవ్వుతారు. అక్కడ ఆవిడ పేరు తెలియని ఇల్లు ఉండదు. కానీ నేను మాట్లాడబోయేది ఆ పేరు తెచ్చిపెట్టిన సినిమాల గురించి కాదు. 1964లో, ఆవిడకు ఇరవై మూడేళ్ళప్పుడు, అమెరికా టీవీలో ఒక మంగళవారం రాత్రి వచ్చి వెళ్ళిపోయిన ఒక్క ఎపిసోడ్ గురించి. అందులో ఆవిడ అతిథి. గెస్ట్ స్టార్. వచ్చే వారం ఉండదు.

మరి ఒక్క వారం వచ్చిపోయే పాత్ర గురించి ఇంతసేపు చెప్పడానికి ఏముంది? అదే చెబుతాను.

ముందు ఆ సీరియల్ ఏమిటో తెలియాలి. పేరు 'ది మ్యాన్ ఫ్రమ్ అంకుల్'. మన దగ్గర సీరియల్ అంటే రోజూ సాగే కథ అనుకుంటాం. ఇది అలాంటిది కాదు. వారానికో గంట, వారానికో కొత్త కథ. ఎన్‌బీసీ అనే నెట్‌వర్క్‌లో 1964 సెప్టెంబరులో మొదలై 1968 జనవరిలో ఆగిపోయింది. మొత్తం 105 ఎపిసోడ్లు. హీరో నెపోలియన్ సోలో, వేసినవాడు రాబర్ట్ వాన్. పక్కన ఇల్యా కుర్యాకిన్ అనే రష్యన్, వేసినవాడు డేవిడ్ మెకల్లమ్. చూడండి, కోల్డ్ వార్ మధ్యలో అమెరికన్, రష్యన్ కలిసి అంకుల్ అనే ఒకే గూఢచారి సంస్థలో ఉద్యోగం చేస్తుంటారు. వాళ్ళ బాస్ వేవర్లీ, ఆ పాత్ర లియో జి. కారల్‌ది. వాళ్ళకి ఎదురు త్రష్ అనే ముఠా. ప్రతి వారం త్రష్ ఏదో ఎత్తుకుపోవాలని చూస్తుంది, వీళ్ళు ఆపుతారు. ఇంతే. కథల్లో పెద్ద లోతు వెతక్కండి, దొరకదు. దాని సరదా వేరు. సూటు, చిరునవ్వు, కలంలో ట్రాన్స్‌మిటర్.

ఒక పక్క మాట. రాబర్ట్ వాన్ అంటే సూటేసుకున్న అందగాడని కొట్టిపారేయకండి. ఆ తర్వాత ఆయన డాక్టరేట్ చేశాడు. హాలీవుడ్‌లో కమ్యూనిస్టు ముద్ర వేసి నటులనీ రచయితలనీ వెళ్ళగొట్టిన కాలం మీద పరిశోధన, దాన్ని పుస్తకంగా కూడా వేశాడు. సరే, అది ఇంకో రోజు.

ఇప్పుడు ఎపిసోడ్. పేరు 'ది డబుల్ ఎఫైర్'. 1964 నవంబరు 17న ప్రసారమైంది. దర్శకుడు జాన్ న్యూలాండ్. కథ ఒక్క ముక్కలో చెబుతాను. స్విట్జర్లాండ్‌లో ఒక రహస్య ఖజానా ఉంది. లోపల లోకాన్ని తలకిందులు చేయగల వస్తువు ఉంది. దాని తాళానికి ఒక సంకేతం, ఆ సంకేతాన్ని మార్చే సమయం వచ్చింది. కొత్త సంకేతం మోసుకెళ్ళే ఏజెంట్ల బృందంలో సోలో ఒకడు. త్రష్ వాళ్ళు ఏం చేస్తారు? ఖజానా బద్దలు కొట్టరు. అచ్చం సోలోలా ఉండే ఇంకో మనిషిని తయారు చేస్తారు. అసలువాణ్ణి మాయం చేసి, నకిలీవాణ్ణి ఆ బృందంలోకి తోస్తారు. తలుపు వాళ్ళంతట వాళ్ళే తెరుస్తారు కదా మరి!

డబుల్ రోల్ సంగతి మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అదే 1964లో మన దగ్గర 'రాముడు భీముడు' వచ్చింది. రామారావు గారిని ఒకేసారి ఇద్దరిగా చూసి జనం ఎంత మురిసిపోయారో మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అవునా సార్? ఆయన తల ఊపుతున్నారు. కాబట్టి కథ మనకి కొత్త కాదు. ఇక్కడ చూడాల్సింది డబుల్ రోల్ వేసిన హీరోని కాదు.

మరి ఎవర్ని? అసలువాణ్ణి మాయం చేయాలంటే వాడు ముందు వలలో పడాలి. వల వేసే మనిషి సెరీనా. త్రష్ ఏజెంటు. ఆ పాత్రే సెంటా బెర్గర్ ది.

ఇప్పుడు ఆ నటికి ఇచ్చిన పని ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఎదురుగా ఒకే ముఖం ఉన్న ఇద్దరు మగవాళ్ళు. ఇద్దరూ రాబర్ట్ వానే. ఒకడు తను మోసం చేయాల్సినవాడు. అతని దగ్గర ఇష్టం ఉన్నట్టు ఉండాలి. ఇంకొకడు తన ముఠా మనిషి. అతని దగ్గర నటించాల్సిన పని లేదు, పని గురించి మాట్లాడుకోవచ్చు. అంటే ఒకే ముఖాన్ని చూస్తూ ఒకసారి అబద్ధం, ఒకసారి నిజం. ప్రేక్షకుడికి తేడా తెలియాలి. కానీ సోలోకి తెలియకూడదు. వాన్‌కి రెండు పాత్రలు రాసిచ్చారు. ఆవిడకి రాసిచ్చింది ఒక్క పాత్రే, చేయాల్సింది మాత్రం రెండు. ఈ సంగతి టైటిల్స్‌లో ఎవరూ వేయరు. తర్వాత చూసేటప్పుడు ఆవిడ కళ్ళ మీద దృష్టి పెట్టండి, ఇంక నేనేం చెప్పను. చివర ఏమవుతుందో కూడా చెప్పను.

ఇక్కడే నేను చెప్పదలుచుకున్న అసలు మాట. వారం వారం సీరియల్‌లో హీరో మారడు. మారకూడదు. ఎందుకు? ఈ వారం సోలో నిజంగా ప్రేమలో పడితే వచ్చే వారం ఏం చేస్తారు? ఈ వారం కాలు పోతే వచ్చే వారం కుంటాలి కదా? అందుకే గంట మొదట్లో ఎలా ఉన్నాడో గంట చివర అలాగే ఉంటాడు. టై కూడా నలగదు. ఎపిసోడ్లు ముందువి వెనక, వెనకవి ముందు వేసినా ఎవరికీ తేడా తెలియకూడదు. అది ఆ వ్యాపారపు లెక్క. తప్పు పట్టడం లేదు.

మరి కథ అన్నాక ఎవరో ఒకరు మారాలి కదా? ఎవరో ఒకరు పశ్చాత్తాపపడాలి, పక్షం మార్చాలి, నమ్మి మోసపోవాలి, చనిపోవాలి. ఆ పని ఎవరు చేస్తారు? అతిథి చేస్తుంది. అతిథికి వచ్చే వారం లేదు కాబట్టి అతిథికి ఏమైనా కావచ్చు. చావొచ్చు, మారొచ్చు, ఏడవొచ్చు. డబ్బు, పేరు, పోస్టరు హీరోవి. నాటకం మాత్రం అతిథిది. ఆ రోజుల్లో అమెరికా టీవీ చూసేవాళ్ళు ప్రతి వారం కళ్ళప్పగించి చూసింది హీరోని. కానీ వాళ్ళకి తెలియకుండా ఆ గంటంతా మోసింది ఆ వారం వచ్చిన అతిథే. నా అభిప్రాయం ఇది. ఒప్పుకోకపోతే టీ తాగేటప్పుడు పోట్లాడదాం.

సరే, ఈ అతిథులుగా యూరప్ అమ్మాయిలే ఎందుకు అంతమంది వచ్చారు? సోకు కోసమా? కొంత సోకే. కానీ రెండు పక్కలా అవసరం ఉంది.

అమెరికా పక్క చూడండి. పాత స్టూడియోలు నటులను జీతానికి పెట్టుకునే పద్ధతి పోయింది. టీవీకి వారం వారం సరుకు కావాలి. అంకుల్ మొదటి సీజన్ ఒక్కటే 29 ఎపిసోడ్లు. ఏడాదిలో 29! ప్రతి వారం ఒక కొత్త ముఖం. గూఢచారి కథ కాబట్టి ఆ ముఖం వేరే దేశం నుంచి వచ్చినట్టు కనిపించాలి, వినిపించాలి. 1962లో జేమ్స్ బాండ్ సినిమాలు మొదలయ్యాక ఇది ఇంకా పెరిగింది. ఆ గాలి మనదాకా కూడా వచ్చింది. 1966లో కృష్ణ గారి 'గూఢచారి 116' చూసినవాళ్ళున్నారు ఇక్కడ. వెనక వరసలో నవ్వులు వినిపిస్తున్నాయి.

యూరప్ పక్క చూడండి. పశ్చిమ జర్మనీలో 1956లో ఏడాదికి 80 కోట్లకు పైగా సినిమా టికెట్లు తెగాయి. ఆ తర్వాత ప్రతి ఏడాదీ తగ్గుముఖమే. ఇంటింటికీ టీవీ వచ్చింది. థియేటర్లు మూతపడ్డాయి. 1962లో ఓబర్‌హౌజన్ అనే ఊళ్ళో కుర్ర దర్శకులు కొందరు కూడి, పాత సినిమా చచ్చిపోయింది, మేం కొత్తది తీస్తాం అని ప్రకటించారు. ప్రకటన సరే, కొత్తది రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఆ మధ్య కాలంలో ఒక మంచి నటి ఏం చేయాలి? హంతకుల కథలు, డాక్టర్ మబూజా అనే నేరగాడి సినిమా, షెర్లాక్ హోమ్స్ సినిమా. సెంటా బెర్గర్ ఇవన్నీ చేసింది. ఆ హోమ్స్ సినిమాలో హోమ్స్ క్రిస్టఫర్ లీ, తెలుసుగా, డ్రాక్యులా ఆయన. అందులో ఈవిడ హీరోయిన్. ఆ పరిస్థితుల్లో, 1962లో, హాలీవుడ్ బయలుదేరింది.

ఆవిడ గాలివాటుగా వెళ్ళిన అందగత్తె కాదు. ఇది గట్టిగా చెప్పాలి. నాన్న సంగీతం తెలిసినవాడు. నాలుగేళ్ళ వయసులో ఆయన పియానో వాయిస్తుంటే స్టేజీ మీద పాడింది. ఐదేళ్ళకి బాలే నేర్చుకోవడం మొదలుపెట్టింది. తర్వాత వియన్నాలో పేరున్న నటన స్కూలు, మాక్స్ రైన్‌హార్ట్ సెమినార్, అందులో చేరింది. స్కూలు అనుమతి లేకుండా సినిమా వేషం ఒప్పుకుంది. స్కూలు వదలాల్సి వచ్చింది! మన నాటక సమాజాల్లో కూడా ఇలాంటి గొడవలు జరిగేవి, మీకు తెలియంది కాదు. ఆ తర్వాత 1958లో యోజెఫ్‌స్టాట్ థియేటర్‌లో చేరింది. ఆ థియేటర్‌లో అందరికంటే చిన్నది తనే. అలా నాటకంలో రాటుదేలి వెళ్ళిన మనిషిని అమెరికా టీవీ ఏమనుకుంది? యాసతో మాట్లాడే అందమైన అమ్మాయి. అంతే.

ఆ యాస సంగతి కొంచెం ఆగి చూద్దాం. యుద్ధం ముగిసి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. అమెరికా తెర మీద జర్మన్ యాస వినిపిస్తే ఆ మనిషి ఎవరై ఉండాలి? నాజీ, లేదా నాజీల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు, లేదా గూఢచారి. నాలుగోది కష్టం. సెంటా బెర్గర్ వేషాలు చూడండి. శామ్ పెకింపా తీసిన 'మేజర్ డండీ'లో, ఆ సినిమా మెక్సికోలో తీశారు, ఛార్లటన్ హెస్టన్ హీరో, అందులో ఈవిడ మెక్సికో పల్లెలో చిక్కుకుపోయిన ఒక విధవరాలు. 1966లో కర్క్ డగ్లస్‌తో చేసిన 'కాస్ట్ ఎ జెయింట్ షాడో'లో ఇజ్రాయెల్ కోసం పోరాడే సైనికురాలు. హిట్లర్ పాలనలోని వియన్నాలో పుట్టిన అమ్మాయి, ఇజ్రాయెల్ పోరాట యోధురాలు! అమెరికా నిర్మాతలకు ఆ తేడా పట్టలేదు. యాస ఉంది కదా, ఎక్కడైనా సరిపోతుంది అనుకున్నారు.

ఇంకో విడ్డూరం వినండి. యుద్ధం తర్వాత పదేళ్ళు, 1945 నుంచి 1955 దాకా, వియన్నాని నాలుగు దేశాల సైన్యాలు పంచుకుని ఏలాయి. అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్. గూఢచారులు నిజంగా తిరిగిన ఊరు అది. ఈ పిల్ల ఆ వీధుల్లోనే పెరిగింది. అలాంటి మనిషిని తెచ్చి, కాలిఫోర్నియాలో కల్వర్ సిటీ అనే ఊళ్ళో ఎంజీఎం స్టూడియో గోడల మధ్య అట్టలతో స్విట్జర్లాండ్ కట్టి, అందులో గూఢచారిగా నిలబెట్టారు. ఆవిడకి నవ్వొచ్చి ఉండాలి. ఇది నా ఊహే అనుకోండి.

మళ్ళీ ఎపిసోడ్ దగ్గరికి వద్దాం. ఎందుకంటే దీనికి ఇంకో కథ ఉంది, అదే నన్ను ఈ విషయంలోకి లాగింది. ఇప్పటిదాకా ఒక ఎపిసోడ్ అన్నాను. నిజానికి అవి రెండు.

అంకుల్ మొదటి సీజన్ అంతా టీవీలో నలుపు తెలుపుల్లో వచ్చింది. కానీ ఎంజీఎం వాళ్ళకి ఒక ఆలోచన తట్టింది. కొన్ని ఎపిసోడ్లకి అదనంగా సన్నివేశాలు తీసి, రంగుల్లో, పూర్తి సినిమాగా చేసి, బయటి దేశాల్లో థియేటర్లలో ఆడిస్తే? ఖర్చు ఎలాగూ సగం పైన పెట్టేశాం కదా! అలా మొత్తం ఎనిమిది సినిమాలు తయారయ్యాయి. 'ది డబుల్ ఎఫైర్' అలా 'ది స్పై విత్ మై ఫేస్' అయింది. 1965లో వచ్చింది. టీవీలో యాభై నిమిషాలది థియేటర్లో గంటన్నరకు దగ్గరైంది. 1966లో అమెరికాలో కూడా దీన్నీ, ఇలాగే తయారైన ఇంకోదాన్నీ, రెండూ కలిపి ఒకే టికెట్ మీద ఆడించారు. ఇంట్లో ఊరికే చూసినదాన్ని డబ్బిచ్చి మళ్ళీ చూశారు! వ్యాపారమంటే అదీ.

అదనంగా ఏం తీశారు? ఊహించండి. కుర్రవాళ్ళు సిగ్గుపడుతున్నారు, సరే నేనే చెబుతాను. టీవీ అంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది. అందులో చూపించడానికి హద్దులున్నాయి. ఎన్‌బీసీలో దానికోసమే ఒక విభాగం ఉండేది. సినిమాకి ఆ బాధ లేదు. కాబట్టి సెరీనా, సోలోల మధ్య సరసం పెరిగింది. రంగు పెరిగింది, కొట్లాట పెరిగింది. టీవీలో మాటతో సరిపెట్టిన చోట సినిమాలో పడగ్గది వచ్చింది.

ఇక్కడ మన క్లబ్‌లో కొందరికి కోపం రావచ్చు. ఒక నటిని అమ్మకానికి పెట్టారండీ అంటారు. నిజమే, కాదనను. యూరప్‌లో అమ్ముకోవాల్సిన సినిమాకి యూరప్ ముఖం ఉంటే మేలని కూడా ఎవరో లెక్కేసి ఉంటారనిపిస్తుంది. అదే ఎనిమిదింటిలో మొదటిది, 'టు ట్రాప్ ఎ స్పై', దానికోసం అదనంగా తీసిన సన్నివేశాల్లో ఇటలీ నటి లుచియానా పలుత్సీ ఉంది. ఆ పలుత్సీయే 1965లో బాండ్ సినిమా 'థండర్‌బాల్'లో విలన్ పక్షపు ఫియోనా అయింది. అంటే ఈ టీవీ వేషాలు ఒక రకంగా బాండ్ సినిమాలకి రిహార్సల్స్. పలుత్సీ ఆ దారిలో వెళ్ళింది. సెంటా బెర్గర్ వెళ్ళలేదు.

కానీ రెండు రూపాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి అర్థమైంది. పొడుగు పెరిగిన సినిమాలో సెరీనా ఎక్కువసేపు ఉంటుంది, కానీ తక్కువగా తెలుస్తుంది. టీవీలో సమయం లేదు. నాలుగైదు నిమిషాల్లో ఆవిడ సోలోనీ, మనల్నీ నమ్మించాలి. ఆ మధ్యలో ప్రకటనలు! సబ్బులూ సిగరెట్లూ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి పట్టుకోవాలి. ఆ ఇరుకులో నటి చూపు, మాట, అన్నీ పదునెక్కుతాయి. సినిమాలో ఆ ఇరుకు పోయింది, ఆ పదును కూడా పోయింది. అందుకే ఇవాళ మనం ముందు వేయబోయేది నలుపు తెలుపు టీవీ రూపం. రంగులది వచ్చే నెల చూద్దాం, అప్పుడు మీరే చెప్పండి నా మాట నిజమో కాదో.

ఇంకో చిన్న తేదీ. 1964 అక్టోబరు 7న అదే ఎన్‌బీసీలో 'సీ హౌ దే రన్' అని ఒక సినిమా వచ్చింది. టీవీ కోసమే తీసిన సినిమాల్లో అదే మొదటిదని చెబుతారు. జాన్ ఫోర్సైత్ హీరో. అందులోనూ సెంటా బెర్గర్ ఉంది. అంటే నెలన్నర లోపు అదే నెట్‌వర్క్‌లో రెండుసార్లు. టీవీ సినిమా అనే కొత్త సరుకు పుట్టిన రోజున, టీవీ ఎపిసోడ్‌ని సినిమాగా మార్చే ఈ వ్యాపారం ఊపందుకుంటున్న రోజుల్లో, రెండు చోట్లా ఈవిడ ఉంది. ఎవరూ అడగరు గానీ టీవీకి, సినిమాకి మధ్య ఉన్న గోడ కూలుతున్నప్పుడు ఆ తలుపులోంచి అటూ ఇటూ నడిచిన మనిషి ఈవిడ.

ఇప్పుడు 1966కి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

ఆ ఏడాది 'ది క్విల్లర్ మెమొరాండమ్' వచ్చింది. బ్రిటిష్ సినిమా, మైకేల్ ఆండర్సన్ దర్శకుడు, స్క్రీన్‌ప్లే హెరాల్డ్ పింటర్. అవును, తర్వాత నోబెల్ వచ్చిన పింటరే. హీరో జార్జ్ సీగల్, ఇంకా అలెక్ గిన్నిస్, మాక్స్ ఫాన్ సీడో. పశ్చిమ బెర్లిన్‌లో కొత్తగా తలెత్తుతున్న నాజీ ముఠాని వెతికే కథ. సెంటా బెర్గర్ అందులో బడి పంతులమ్మ. పేరు ఇంగె.

ఇప్పుడు సెరీనానీ, ఇంగెనీ పక్కపక్కన పెట్టండి. అచ్చు ఒకటే కదా? గూఢచారి కథ, అందమైన జర్మన్ అమ్మాయి, హీరో దగ్గరవుతాడు, ఆవిడ ఏ పక్షం? ప్రశ్న కూడా అదే. కానీ టీవీలో సెరీనా ఏ పక్షమో మనకు మొదటి నుంచీ తెలుసు. సోలోకి తెలియదు, మనకి తెలుసు. సరదా అందులో ఉంది. పింటర్ ఆ సుఖం మనకివ్వలేదు. ఇంగె నిజంగా ఆ ముఠా మనిషేనా? లేక ఊరికే మధ్యలో ఇరుక్కుందా? ముఠా అంతా పట్టుబడ్డాక క్విల్లర్ ఆవిడ బడికి వెళ్తాడు. మాట్లాడుకుంటారు. మర్యాదగా. ఇద్దరూ ఏమీ బయటపడరు. అతను వెళ్ళిపోతాడు, ఆవిడ పిల్లల వైపు తిరుగుతుంది. సినిమా అయిపోతుంది. ఆవిడ ఆ పిల్లలకి ఏం చెబుతోంది ఇన్నాళ్ళూ? ఈ ప్రశ్నతో మనల్ని వదిలేస్తాడు.

ఆ చివరి సన్నివేశంలో ఆవిడ నటన చూడండి. అవునని గానీ, కాదని గానీ ఒక్క కండరంతో కూడా చెప్పదు. ఇది ఎక్కడ నేర్చుకుంది? నాటకంలో నేర్చుకుంది అంటారు, నిజమే. నేను ఇంకోటి కూడా అంటాను. ఒకే ముఖం ఉన్న ఇద్దరికి రెండు రకాలుగా కనపడాల్సిన ఆ టీవీ వేషం లాంటివి చేసి చేసి కూడా నేర్చుకుంది. తేలిక సరుకులో చేసిన పని వృథా పోదు. నటుల విషయంలో మనం ఇది ఒప్పుకోం. మంచి సినిమాలు ఒక లిస్టు, పొట్టకూటి వేషాలు ఇంకో లిస్టు అని గీత గీస్తాం. ఆ గీత మన సౌకర్యం కోసం గీసుకున్నదే.

ఇక దొంగల కథ. 1968 జనవరి 9, మళ్ళీ మంగళవారమే, ఈసారి ఏబీసీ నెట్‌వర్క్. 'ఇట్ టేక్స్ ఎ థీఫ్'. సృష్టికర్త రోలాండ్ కిబ్బీ. హీరో అలెగ్జాండర్ మండీ, వేసింది రాబర్ట్ వాగ్నర్. జైల్లో ఉన్న పేరుమోసిన దొంగ. ప్రభుత్వ గూఢచారి సంస్థలో పెద్దాయన నోవా బెయిన్, వేసింది మాలకై థ్రోన్, వచ్చి అంటాడు: నిన్ను గూఢచర్యం చేయమనడం లేదు, దొంగతనం చేయమంటున్నాను, అంతే. ఎంత బాగుంది! దొంగకి ప్రభుత్వ ఉద్యోగం. తాళాలు తీయడం, గోడలెక్కడం, నగలు మాయం చేయడం, అన్నీ దేశం కోసం. ఆ కాలంలో ఈ దొంగతనం కథలకి గిరాకీ బాగా ఉండేది. 1964లో ఇస్తాంబుల్ మ్యూజియం దోపిడీ మీద 'టోప్‌కాపీ' ఆడింది, 1966 నుంచి టీవీలో 'మిషన్: ఇంపాసిబుల్' మొదలైంది. మండీ ఆ వరసలోవాడు. మూడో సీజన్‌లో మండీ తండ్రిగా ఎవరొచ్చారో తెలుసా? ఫ్రెడ్ అస్టేర్! డాన్సుల ఫ్రెడ్ అస్టేర్, ముసలి దొంగగా. అది చూడాల్సిందే.

ఈ సీరియల్ మొదటి ఎపిసోడ్, మామూలు గంట కంటే పెద్దది, సినిమా అంత నిడివిది, అందులో సెంటా బెర్గర్ అతిథి. సీరియల్ ఆడుతుందో ఆడదో ఇంకా ఎవరికీ తెలియని రోజున, జనాన్ని కట్టిపడేయాల్సిన మొదటి ఎపిసోడ్‌కి ఈవిడని పిలిచారు. నాలుగేళ్ళలో అక్కడ ఆవిడ మీద కుదిరిన నమ్మకం అది. దీన్ని కూడా తర్వాత 'మాగ్నిఫిసెంట్ థీఫ్' పేరుతో సినిమాగా అమ్ముకున్నారు. మళ్ళీ అదే కథ!

అప్పటికి ఆవిడకి ఒక స్టూడియో నుంచి సీరియల్ కాంట్రాక్టు కూడా వచ్చింది. వద్దంది. 1969లో యూరప్ తిరిగి వెళ్ళిపోయింది. చాలామంది దీన్ని ఓటమి అనుకుంటారు, హాలీవుడ్‌లో నిలబడలేక వచ్చేసిందని. నాకు అలా అనిపించదు. కాంట్రాక్టు తీసుకుని ఉంటే ఏమయ్యేది? ఇందాక చెప్పుకున్నాం కదా. ఆవిడ కూడా ఏడాదికి ముప్పై వారాలు మారకుండా ఉండాల్సిన మనిషి అయ్యేది. మారే పాత్రలు పక్కింటివాళ్ళకి పోయేవి.

తిరిగి వెళ్ళాక చేసింది చాలా ఉంది, గబగబా చెబుతాను. భర్త మైకేల్ ఫెర్‌హోవెన్ దర్శకుడు. ఇద్దరూ కలిసి 1965లోనే సెంటానా అని సొంత నిర్మాణ సంస్థ పెట్టుకున్నారు. అంటే అమెరికాలో వేషాలు వేస్తూనే యూరప్‌లో సొంత ఇల్లు కట్టుకుంటోంది. హిట్లర్‌ని ఎదిరించి ప్రాణాలిచ్చిన విద్యార్థుల మీద 1982లో 'ది వైట్ రోజ్' ఆయన తీసిందే. 1990లో ఆయన తీసిన 'ది నాస్టీ గర్ల్' ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఆస్ట్రియాలోని సాల్స్‌బుర్గ్ ఉత్సవంలో ఈవిడ ఏళ్ళ తరబడి నాటకం ఆడింది. 1971లో, గర్భస్రావం నేరంగా ఉన్న రోజుల్లో, మేం చేయించుకున్నాం అని పత్రికలో బహిరంగంగా చెప్పిన వందలాది మంది స్త్రీలలో ఈవిడ పేరు ఉంది. 2003 నుంచి కొన్నేళ్ళు జర్మన్ ఫిల్మ్ అకాడమీకి అధ్యక్షురాలు.

ఇంతా చేసి చివరికి టీవీ సీరియలే చేసింది! 2002లో మొదలైన 'ఉంటర్ ఫెర్‌డాఖ్ట్'. మ్యూనిక్ పోలీసు శాఖలో, పోలీసుల మీదే విచారణ చేసే అధికారి. పేరు ఎవా ప్రోహాచెక్. 2019 దాకా సాగింది. పదిహేడేళ్ళలో ఎన్ని ఎపిసోడ్లు? 30. ఒక్కొక్కటి గంటన్నర సినిమా. అంకుల్ ఒక్క ఏడాదిలో 29 తీసిందని ఇందాక చెప్పాను. ఇక్కడ 30కి పదిహేడేళ్ళు. అరవై ఏళ్ళ వయసులో మొదలుపెట్టి డెబ్బై ఎనిమిది దాకా అదే పాత్ర చేసింది. ఎపిసోడ్లు ముందూ వెనకా వేస్తే ఇట్టే తెలిసిపోతుంది, ముఖం మీద ఏళ్ళు కనిపిస్తాయి. తోటివాళ్ళు మోసం చేస్తారు, ఆ మోసం తర్వాతి ఎపిసోడ్‌లో కూడా ఉంటుంది. హీరో మారకూడదన్న పాత లెక్క ఇక్కడ పనిచేయదు. ఇప్పుడు ప్రతిసారీ వచ్చిపోయే అతిథులు ఎదురుగా ఉన్నారు, ఈవిడ కుర్చీలో కూర్చుని వాళ్ళని ప్రశ్నిస్తోంది.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండమ్మా. ... ఆ, ఆవిడ అడుగుతున్నది ఏమిటంటే, ఇవన్నీ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో దొరుకుతాయా అని. అంకుల్ మొత్తం డీవీడీల్లో వచ్చింది, 'ఇట్ టేక్స్ ఎ థీఫ్' కూడా వచ్చింది. క్విల్లర్ ఇంగ్లీషు సినిమానే. జర్మన్‌వి వెతుక్కోవాలి. ఇంకో ప్రశ్న? సెరీనా మంచిదా చెడ్డదా అని అడుగుతున్నారు వెనక నుంచి. అది చెబితే ఇక్కడిదాకా వచ్చిన ఆటో డబ్బులు దండగ కదా సార్! యాభై నిమిషాలే. చూడండి, చూశాక మీరే నాకు చెప్పండి. టీ సినిమా తర్వాతే, ముందు కాదు, ఎవరూ లేవకండి. ఆ కిటికీ తెర కొంచెం లాగండి బాబూ.